సూదా కత్తా అని అడగబాకండి, ముందు నరం ఎట్టుందో అడగండి

రాత్రి రెండున్నర. ఇంట్లో అందరూ మంచి నిద్రలో ఉండారు, నేను మాత్రం వరండాలో నిలబడి కుడి చెయ్యి కిందకి వేలాడేసి, తడిగుడ్డ దులిపినట్టు దులుపుతా ఉండా. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడూ మంట, లోపల చీమలు పుట్ట పెట్టినట్టు ఒకటే జివజివ. పది నిమిషాలు దులిపితే కాస్త సద్దుకుంటది, పోయి పడుకుంటే మళ్లీ నాలుక్కి లేపుద్ది. ఇట్టా ఏడాది పైన సాగింది నా కాపరం. తర్వాత తెలిసిందేందంటే, ఇది కార్పల్ టనల్ అనే జబ్బు, మణికట్టులో నరం నలగడం, ఈ దులుపుకోవడమే దానికి పెద్ద గుర్తంట. "రాత్రి లేచినప్పుడు ఏం చేస్తావమ్మా" అని డాక్టర్ అడిగితే మనం నోటితో చెప్పకుండా చెయ్యి దులిపి చూపిస్తాం చూడు, అక్కడే సగం జబ్బు తేలిపోద్దంట.

నాకు 47 ఏళ్లు. కావలిలో జాకెట్లు కుడతా, 22 ఏళ్లుగా ఇదే పని. కత్తెర, సూది, హుక్కులు, కాజాలు, పెళ్లిళ్ల టైంలో మగ్గం వర్క్. అంటే నా బతుకంతా ఆ మూడు వేళ్ల మీదే. తిమ్మిరి మొదలైనప్పుడు తలా ఒక వైద్యం చెప్పారు. మా అత్త గాలి సోకింది అనింది, మా ఆయన గ్యాస్ అన్నాడు (ఆయనకి ప్రపంచంలో ఉండే జబ్బులన్నీ గ్యాసే), మెడికల్ షాపతను బి కాంప్లెక్స్ బిళ్లలూ ఒక జెల్లూ ఇచ్చాడు. ఇంకొకరు మెడ నరం నొక్కుకుంది అంటే ఎక్స్‌రే తీయించి, మెడకి పట్టీ కట్టుకుని రెండు నెలలు మిషన్ తొక్కా. లోపల మాత్రం నాకు పక్షవాతం భయం. మా నాయన అట్టానే పోయాడు, అందుకని.

ఇంతమందిలో ఒక్కరు కూడా అడగని ప్రశ్న ఒకటుంది. చిటికెనవేలు సంగతేంది? నాకు చిటికెనవేలికి ఏనాడూ తిమ్మిరి రాలేదు. ఉంగరపు వేలు కూడా బొటనవేలి వైపు సగం తిమ్మిరి, అవతలి సగం శుభ్రంగా ఉండేది. ఒక వేలే నడిమికి చీలినట్టు తెలిసేది. మణికట్టులో ఉండే మీడియన్ నరం పోయేది సరిగ్గా అంతవరకే, చిటికెనవేలు వేరే నరం సొత్తు. ఆ ఒక్క మాట అడిగుంటే నాకు మెడ పట్టీ ఖర్చు తప్పేది.

నెల్లూరులో వాన పడినప్పుడు రైలు కట్ట కింద అండర్ బ్రిడ్జి చూసుంటారు గదా. మన మణికట్టు లోపల అట్టాంటి సందే ఒకటుంది. మూడు పక్కలా ఎముక, పైన గట్టి పట్టీ లాంటి లిగమెంట్ కప్పు. ఆ సందులోంచి వేళ్లని ముడిచే తాళ్లు తొమ్మిది పోతాయి, వాటితో పాటు ఈ నరం ఒకటి. తొమ్మిది లారీలు, ఒక సైకిలు అనుకోండి. లారీల చుట్టూ ఉండే పొర ఉబ్బినా, మందమైనా, ఒంట్లో నీరు చేరినా సందు సరిపోదు, నలిగేది సైకిలే. షుగరు, థైరాయిడ్, కీళ్లవాతం, గర్భం, ఒళ్లు బరువు, ఇవన్నీ ఆ సందుని ఇరుకు చేసేవే. రోజంతా వేళ్లతో గట్టిగా పట్టి చేసే పనులూ అంతే. మా వైపు రొయ్యల కంపెనీల్లో ఐసు నీళ్లలో పొట్టు వలిచేవాళ్లు, చీమకుర్తి క్వారీల్లో డ్రిల్లు పట్టేవాళ్లు, ఉదయగిరిలో చెక్క స్పూన్లు చెక్కేవాళ్లు, వీళ్లందరి చేతులూ ఒకసారి అడిగి చూడండి. మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఇది బాగా ఎక్కువ.

ఇక సూది సంగతికొస్తా, నేను రాయడం మొదలుపెట్టింది దాని గురించే.

చివరికి నెల్లూరు పొగతోటలో ఒక డాక్టర్ దగ్గరికి పొయ్యా. పేరు చెప్పను, మంచోడే, హస్తవాసి బాగుందని పేరు. నా చేతులు రెండూ తిరగేసిన నమస్కారం లాగా, చేతుల వెనకవైపులు ఆనించి వేళ్లు కిందకి పెట్టించాడు. ఒక నిమిషం ఉంచమన్నాడు, నేను అరనిమిషానికే అబ్బా అని తీసేశా. "కార్పల్ టనల్ అమ్మా, ఒక ఇంజెక్షన్ వేస్తా, పోద్ది" అన్నాడు. మణికట్టు దగ్గర సన్న సూదితో స్టెరాయిడ్ అనే వాపు తగ్గించే మందు, కొంచెం చుర్రుమనింది, అయిపోయింది. నాలుగో రోజు నుంచి రాత్రిళ్లు లేవలేదు. ఏడాది తర్వాత ఒళ్లెరగకుండా పడుకున్నా అబ్బా, పొద్దున మా ఆయన కాఫీ పెట్టి లేపాల్సొచ్చింది. ఆ డాక్టర్‌ని దేవుడన్నా. మా వీధిలో పదిమందికి చెప్పా, ఇద్దరిని నేనే బస్సెక్కించి పంపా.

అయిదో నెలలో మళ్లీ మొదలు. మళ్లీ పొయ్యా, మళ్లీ సూది. ఈసారి మూడు నెలలు. మూడోది ఆరు వారాలు కూడా రాలేదు. మూడు సార్లలో ఒక్కసారి కూడా నరం టెస్ట్ చేయించమని అనలేదు, నాకూ అడగాలని తెలియలేదు. నాకు షుగరు ఉందని మొదటిసారి చెప్పా, సరే అన్నాడు. సూది వేసిన రెండు రోజులకి పరగడుపున ఎప్పుడూ 130 ఉండేది 240 చూపిస్తే మిషన్ చెడిపోయిందనుకుని బ్యాటరీ మార్చా. స్టెరాయిడ్ వేస్తే షుగరున్న వాళ్లకి కొన్నాళ్లు అట్టా పెరుగుద్దంట, ముందే చెప్పుంటే స్వీట్లన్నా మానుకునేదాన్ని. సూది దిగినచోట చర్మం తెల్లబడి రూపాయి బిళ్లంత మచ్చ పడింది. అది పెద్ద ప్రమాదం కాదు, కానీ మా అత్త దాన్ని చూసి చేసిన గోల ఇంకో వ్యాసం అవుద్ది.

అసలు దెబ్బ ఇవేవీ కాదు. మూడో సూది ఆరు వారాల్లోపే తిరగబెట్టినా, ఆ తర్వాత నొప్పి దానంతట అదే బాగా తగ్గింది. మంట లేదు, రాత్రి లేవడం లేదు. నయమైపోయింది అనుకున్నా. ఒకరోజు జాకెట్టు ఇస్త్రీ చేస్తుంటే ఏదో కమురు వాసన, గుడ్డ కాలిందేమో అని పెట్టె ఎత్తి చూస్తే గుడ్డ బాగుంది, కాలింది నా చూపుడువేలు కొస. తెలియలా. వేలు కాలి బొబ్బెక్కుతుంటే మనిషికి తెలియలేదంటే ఏంది అర్థం? ఆ రోజు కటింగ్ టేబుల్ మీద ట్యూబ్‌లైటు కింద రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూసుకున్నా. ఎడమ చేతికి బొటనవేలు కింద కండ పునుగు లాగా ఉబ్బుగా ఉంది. కుడిచేతికి అదే చోట గుంట. స్పూనుతో తోడినట్టు.

అప్పుడు పొయ్యా కరెంటు టెస్టుకి. చేతికి చిన్న చిన్న కరెంటు దెబ్బలు కొట్టి, నరంలో ఎంత వేగంగా పోతుందో కొలుస్తారు, అరగంట పని, రెండు వేలు అయింది. రిపోర్టులో సివియర్ అని రాశారు. ఈసారి చూసింది వేరే సర్జన్, ఆమె రిపోర్టు చూడకముందే నా బొటనవేలుని పైకి ఎత్తమని తన వేలితో అదిమి చూసింది. "నొప్పి తగ్గిందంటున్నావు గదమ్మా, నరం బాగుపడి తగ్గలేదు, అరిచే ఓపిక కూడా లేక తగ్గింది" అనింది. ఆ మాటకి నాకు ఒళ్లు జలదరించింది, కుర్చీలోంచి లేవలేకపొయ్యా.

నేను చెప్పదలుచుకుంది ఇక్కడుంది. సూది మంచిదా ఆపరేషన్ మంచిదా అని జనం అడిగేదానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది ఒక్క ప్రశ్న కాదు. నరం ఇప్పుడు ఏ దశలో ఉందో చూడకుండా ఆ రెండిట్లో దేన్ని ఎంచుకున్నా చీకట్లో కత్తెర ఆడించినట్టే. తిమ్మిరి వచ్చి పోతా ఉంటే ఒక లెక్క. వచ్చిన తిమ్మిరి పోకుండా ఇరవైనాలుగ్గంటలూ ఉండిపోతే ఇంకో లెక్క. కండ తగ్గితే మూడో లెక్క, అక్కడ ఆలస్యం చేసిన ప్రతి నెలా మన ఖాతాలోనే రాసుకోవాల. సూదిలో నాకు తప్పు కనపడింది ఒకటే. అది నొప్పిని భలే తగ్గిస్తది, మనకి నొప్పి పోతే జబ్బు పోయినట్టే, దాంతో లోపల ఏం జరుగుతుందో చూడటం మానేస్తాం. అండర్ బ్రిడ్జిలో నీళ్లు మోటరు పెట్టి తోడినట్టు. బండ్లు పోతాయి, మనమూ మర్చిపోతాం, మళ్లా వాన పడేదాకా.

మా పాప నెల్లూరులో ఫిజియోథెరపీ చదువుతుంది. నా చేతి పుణ్యాన దానికి బో పట్టుదల వచ్చి, ఆపరేషన్‌కి ముందు పది రోజులు ఫోన్‌లో స్టడీలు తవ్వి నాకు తెలుగులో చెప్పేది. స్వీడన్‌లో 111 మంది మీద ఒకటి చేసి 2013లో బయటపెట్టారు. కొందరికి 80 మిల్లీగ్రాముల స్టెరాయిడ్, కొందరికి 40, కొందరికి ఉత్త ఉప్పునీళ్ల లాంటి సూది, ఎవరికి ఏది పడిందో వాళ్లకే తెలియదు. పది వారాలకి స్టెరాయిడ్ వాళ్లు బాగున్నారు. ఏడాది తిరిగేసరికి 80 వేసినవాళ్లలో 73 శాతం, 40 వాళ్లలో 81 శాతం, ఉత్త సూది వాళ్లలో 92 శాతం ఆపరేషన్‌కి పొయ్యారు. "చూడమా, నూటికి 73" అని అది. నేను మాత్రం మిగిలిన 27 మందిని చూశా. వాళ్లు తప్పించుకున్నారు గదా, మరి ఆ అవకాశం నేనెందుకు వదులుకోవాలి అనుకునేవాళ్లు ఉంటారు, నేనే అయినా మొదట్లో అట్టానే అనుకుంటా. కాకపోతే ఆ స్టడీలో ఉన్నోళ్లంతా చేతి పట్టీ వాడి తగ్గక వచ్చినవాళ్లు, అది కూడా లెక్కలో పెట్టుకోవాల.

ఇంకోటి ఈమధ్యది, 2025లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, నెదర్లాండ్స్‌లో 934 మందితో. సగం మందికి మొదటే ఆపరేషన్, సగం మందికి మొదట సూది, తర్వాత కావాలంటే ఇంకో సూదో ఆపరేషనో చేయించుకోవచ్చు. ఏడాదిన్నరకి చూస్తే ఆపరేషన్‌తో మొదలుపెట్టినవాళ్లలో 61 శాతం కోలుకున్నారు, సూదితో మొదలైనవాళ్లలో 45 శాతం. ఇది చదివి మా పాప ఎగిరి గంతేసింది, ఆపరేషనే గెలిచింది అని. నేనడిగా, ఆపరేషన్ చేయించుకున్న నూరు మందిలో తక్కిన 39 మంది సంగతేందే అని. దానికి జవాబు లేదు. కోలుకోవడం అంటే వాళ్లు పెట్టుకున్న కొలత కాస్త గట్టిదే, నిజమే, అయినా ఆపరేషన్ అంటే స్విచ్ వేసినట్టు బాగైపోద్ది అని చెప్పేవాళ్లని కూడా నమ్మబాకండి. స్పెయిన్‌లో చేసి 2005లో బయటపెట్టిన ఒక స్టడీలో మూడు నెలలప్పుడు రాత్రి తిమ్మిరికి సూదే మెరుగ్గా ఉంది, ఏడాదికి రెండూ సమానం అయ్యాయి. అంటే సూది దొంగమందేమీ కాదు. దాన్ని ఎవరికి, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నదే గొడవంతా.

నా లెక్కలో కత్తి ఎవరికి వద్దో, సూది ఎవరికి సరైందో కూడా చెప్పాల, లేకపోతే అన్యాయం. మా వదిన కూతురికి ఏడో నెలలో రెండు చేతులూ ఇట్టానే అయ్యాయి, రాత్రి పట్టీతోనే లాక్కొచ్చింది, కాన్పయిన నెలన్నరకి మాయం. అట్టాంటి పిల్లకి ఆపరేషన్ అంటే కొట్టాల. థైరాయిడ్ వల్ల వచ్చినవాళ్లు ముందు థైరాయిడ్ మందు సరిచేసుకోవాల. తిమ్మిరి కొత్తగా మొదలై, వచ్చిపోతా ఉండి, కండ బాగుండి, టెస్టులో తేలిక అని వస్తే ఒక సూది వేయించుకుని ఆ నాలుగు నెలల్లో షుగరు అదుపు చేసుకోవడం, పని పద్ధతి మార్చుకోవడం తెలివైన పనే. పెళ్లిళ్ల సీజన్ ముందున్న టైలరు, కోతల ముందున్న రైతు, వాళ్లకి టైం కొనుక్కోవడం తప్పు కాదు. ఆ కొనుక్కున్న టైంలో ఏం చేశావు అన్నదే ప్రశ్న. నేనేం చేశానంటే, ఇంకా రెండు పట్టుచీరల ఆర్డర్లు ఎక్కువ ఒప్పుకున్నా.

పట్టీ గురించి ఒక మాట, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మెడికల్ షాపులో అమ్మే మణికట్టు పట్టీల్లో చాలావాటికి లోపల అల్యూమినియం రేకు ఉంటది, అది చెయ్యిని కాస్త వెనక్కి వంచి పెడుద్ది. మనకి కావాల్సింది నిటారుగా ఉండటం, ముందుకీ కాదు వెనక్కీ కాదు. మా పాప ఆ రేకుని బయటికి లాగి మిషన్ బల్ల మీద పెట్టి రోకలి బండతో తట్టి చదును చేసి మళ్లీ దూర్చింది. నిద్రలో మనకి తెలియకుండా చెయ్యి ముడుచుకుని పడుకుంటాం, అప్పుడే సందు ఇంకా ఇరుకై నరం నలుగుద్ది, రాత్రిళ్లే ఎక్కువ బాధ అందుకే. ఇంగ్లండ్‌లో 234 మంది మీద సూదినీ ఈ రాత్రి పట్టీనీ పోల్చి చూస్తే ఆరు వారాలకి సూది గెలిచింది, ఆరు నెలలకి రెండిటికీ తేడా లేదు. నాలుగొందల రూపాయల పట్టీ. నాకు దీని గురించి మొదటి ఏడాదిలో ఎవరూ చెప్పలా.

ఆపరేషన్ కథ చిన్నదే. చెయ్యి వరకే మత్తు, ఆ మత్తులోనే రక్తం కారకుండా ఇంకో మందు కలిపారు, అరచెయ్యి సున్నం కొట్టినట్టు తెల్లగా అయింది. తెర అవతల సర్జనమ్మ నర్సుతో ఇంటి పనిమనిషి రాకపోవడం గురించి మాట్లాడతా ఉంది, నేను పైన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకుంటా ఉండా. ఆ పైకప్పు పట్టీని కోసి వదిలేయడమే పని, అది తర్వాత కాస్త ఎడంగా అతుక్కుంటదంట, సందు పెరుగుద్ది. పావుగంట. మందులతో కలిపి 24 వేలు అయింది నాకు. సాయంత్రానికి ఇంటికి వచ్చేశా. కట్టు విప్పినాక చూస్తే అయిదు కుట్లు, ఎడం సమానంగా లేదు, మూడోది కాస్త పక్కకి పోయింది. నోరు ఆపుకోలేక ఆమెకే చెప్పా, ఆమె నవ్వి "జాకెట్టు కాదమ్మా, చెయ్యి" అనింది. పన్నెండో రోజు కుట్లు తీశారు.

ఆపరేషన్ తర్వాత ఆ దులుపుకోవడం మళ్లీ రాలేదు. అది నిజం. కానీ అరచేతి మొదట్లో రెండు పక్కలా దిమ్మెల దగ్గర ఒక నొప్పి పట్టుకుంది, గచ్చు మీద చెయ్యి ఆనించి లేవాలంటే ప్రాణం పోయేది. చపాతీ కర్ర పట్టుకోలేను, కత్తెర నొక్కలేను. రెండున్నర నెలలు. మాఘమాసం పెళ్లిళ్లు మొత్తం పొయ్యాయి, ఒప్పుకున్న జాకెట్లన్నీ పక్క వీధి టైలరుకి ఇచ్చేశా, ఆ కస్టమర్లలో సగం మంది మళ్లీ రాలా. ఇది ఏ డాక్టరూ లెక్కలో చెప్పడు. 24 వేలు కాదు ఖర్చు, దానికి మూడింతలు. అందుకే రోజు కూలి మీద బతికేవాళ్లు సూదికి పోతారు, వాళ్లకి తెలియక కాదు, పనికి పోకపోతే పొయ్యి వెలగదు కాబట్టి. కాకపోతే ఇదే లెక్కని ఇంకోవైపు నుంచి కూడా వేసుకోవాల. నేను కండ తగ్గకముందే పోయుంటే కూడా ఆ రెండున్నర నెలలు పొయ్యేవి, కానీ చెయ్యి మిగిలేది. ఇప్పుడు 14 నెలలు అయింది, మధ్యవేలు కొసకి ఇంకా సరిగా తెలియదు, సూదిలో దారం ఎక్కించాలంటే ఎడంచేత్తో ఎక్కిస్తా, మగ్గం వర్క్ మానేశా. గుంట కాస్త పూడింది, మొత్తం పూడదు అని సర్జనమ్మ ముందే చెప్పింది.

సర్జన్లు డబ్బుల కోసమే కోస్తారు అనేవాళ్లు మా ఇంట్లోనే ముగ్గురున్నారు. ఉండరా అంటే ఉంటారు. మా కిందింటి ఆమెకి చిటికెనవేలూ ఉంగరపు వేలూ తిమ్మిరి, అది మోచేతి దగ్గర నరం, ఆమెకి ఎవరో మణికట్టు కోయాలన్నారు. కరెంటు టెస్టు రిపోర్టు చూపించమన్నాక మాట మారింది. అందుకే చెప్తున్నా, సూది వేస్తానన్న డాక్టర్‌ని అడిగేదీ, కోస్తానన్న డాక్టర్‌ని అడిగేదీ "నరం ఎట్టుంది" అనే ఒకటే ప్రశ్న అయితే మనం మోసపోయే దారి తగ్గుద్ది. ఇంక ఆపరేషన్ చేస్తే చెయ్యి పడిపోద్ది అనే మాట ఒకటుంది మా వైపు. పడిపోయిన చేతులు నేను చూసినంతలో ఆలస్యం వల్ల పడినవే, నాది కలిపి.

పోయిన నెల అల్లూరు వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది, ముప్పై అయిదు ఉంటాయేమో, రొయ్యల కంపెనీలో తలలు తీసే పని. చెల్లెలి పెళ్లికి జాకెట్టు. కొలతలు తీసుకుంటుంటే "అక్కా, ముందు హుక్కులు వద్దు, పక్కన జిప్పు పెట్టు" అనింది. ఎందుకు అంటే నవ్వి ఊరుకుంది. టైలరు దగ్గర ఇది దాగదు. హుక్కు వద్దు జిప్పు పెట్టు అనే ఆడమనిషి అయితే ఫ్యాషన్ కోసం వస్తది, లేకపోతే వేళ్ల కోసం వస్తది. ఈమె కట్టుకుంది పాత నేతచీర. చేతులు ఇట్టా పెట్టు అని తిరగేసిన నమస్కారం పెట్టించి గోడ గడియారం చూశా. నలభై సెకన్లకి చేతులు తీసేసి కిందకి దులిపింది.

"ఆపరేషనా అక్కా?" అని అడిగింది, మొహం పాలిపోయి.

"నాకేం తెలుసు మే. రాత్రికి పట్టీ కట్టుకో, ముందు నెల్లూరు పోయి కరెంటు టెస్టు చేయించుకో. సూదో ఆపరేషనో వాళ్లు ఆ కాగితం చూసి చెప్పాల, నీ మొహం చూసి కాదు."

పెళ్లి అయినాక పోతా అనింది. అందరూ ఏదో ఒకటి అయినాకే పోతారు, నేనూ అంతే. అరచేతులు రెండూ చూశా, కండ ఇంకా బాగానే ఉంది. జాకెట్టు పెళ్లికి ముందే కుట్టి ఇచ్చేశా, హుక్కులతోనే. పెట్టుకోలేకపోతే చెల్లెలు పెడుద్దిలే అన్నా. జిప్పు కావాలంటే రిపోర్టు పట్టుకునిరా, కూలి తీసుకోకుండా మార్చిస్తా అని చెప్పి పంపించా. ఇంకా రాలేదు.